నేలను చదివే విద్య

ఏ ఉన్నత పాఠశాలలోనైనా పదవ తరగతి గదిలో నిలబడి, ఆఫ్రికా ఖండంలో మిక్కిలి పొడవైన నది ఏదని అడిగితే, నైలు నది అన్న సమాధానం అన్ని వైపుల నుంచీ ఒక్కసారిగా వస్తుంది. ప్రపంచంలో అతి పెద్ద ఎడారి ఏది, ఎత్తయిన శిఖరం ఏది అన్న ప్రశ్నలకూ విద్యార్థులు తడుముకోరు. అదే గదిలో, “మీ ఇంటి ముంగిట కురిసిన వాన నీరు ఏ కాలువలో పడుతుంది? ఏ వాగులో కలుస్తుంది? చివరకు ఏ నదిని చేరుతుంది?” అని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వేల మైళ్ళ దూరాన ఉన్న నది పేరు తెలిసిన విద్యార్థికి తన వాకిటి నీరు నడిచే దారి తెలియకపోవడం అతని తప్పు కాదు. భూగోళశాస్త్రాన్ని మన పాఠశాలలు బోధిస్తున్న తీరులోనే ఈ లోపం ఉంది. దాని ఫలితం పరీక్షా మందిరంతో ముగిసిపోక, ఊళ్ళనూ నగరాలనూ చుట్టుకుంటున్నది. అందువల్ల దీనిని గూర్చి ఆలోచించడం అవసరం.

భూగోళశాస్త్రం అంటే ఏమిటి? పర్వతాల ఎత్తులు, నదుల పొడవులు, దేశాల రాజధానులు – వీటి పట్టికయే ఈ శాస్త్రమని సామాన్యంగా అందరూ భావిస్తారు. నిజానికి ఇది ‘ఎక్కడ?’ అన్న ప్రశ్నతో మొదలై ‘అక్కడే ఎందుకు?’ అన్న ప్రశ్నకు సమాధానం వెదకే శాస్త్రం. అనంతపురం ప్రాంతం మన దేశంలో అతి తక్కువ వర్షపాతం గల ప్రాంతాలలో ఒకటి అని కంఠస్థం చేయడం సమాచారం మాత్రమే. నైరుతి నుంచి వచ్చే మేఘాలు పశ్చిమ కనుమల మీదనే చాలావరకు కురిసిపోతాయని, ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరాన్ని దాటి అంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయని, ఈ రెండింటి నడుమ ఆ సీమ వర్షచ్ఛాయలో చిక్కుకున్నదని గ్రహించడం భూగోళ జ్ఞానం. మొదటిది మరచిపోవడానికి ఒక వేసవి సెలవు చాలు. రెండవది ఒకసారి మనసుకు పడితే జీవితాంతం నిలుస్తుంది. ఆ తరువాత ఆకాశంలో మబ్బు కనిపించిన ప్రతిసారీ అది గుర్తుకు వస్తూనే ఉంటుంది.

మన పాఠశాలల్లో ఈ శాస్త్రానికి సాంఘికశాస్త్రంలో ఒక భాగంగా స్థానం ఉంది. చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రాలతో అది ఆ స్థానాన్ని పంచుకుంటుంది. గణితానికీ విజ్ఞానశాస్త్రానికీ దక్కే శ్రద్ధ దీనికి దక్కదు. పరీక్షలు దగ్గర పడగానే సంగ్రహ పుస్తకాలు బయటికి వస్తాయి. ఖాళీలు పూరించడం, జతపరచడం, పటంలో స్థలాలను గుర్తించడం – వీటికి వచ్చే మార్కులు లెక్క కట్టుకొని, అంతవరకే చదవడం అలవాటయింది. పటంలో గుర్తించవలసిన పేర్లు ఏవి రావచ్చునో ముందుగానే ఊహించి, చుక్కలు పెట్టడం అభ్యాసం చేస్తారు. చుక్క సరిగా పడితే మార్కు వస్తుంది. ఆ చుక్క దగ్గర ఎటువంటి నేల ఉందో, ఏ పంట పండుతుందో, మనుషులు ఎలా బతుకుతున్నారో అడిగేవారు ఉండరు. పదవ తరగతి ముగియగానే అధిక సంఖ్యాకులు గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల వైపో, జీవశాస్త్రాల వైపో వెళ్ళిపోతారు. ఇంటర్మీడియట్‌లో భూగోళశాస్త్రం ఐచ్ఛికాంశంగా ఉన్నా దానిని ఎన్నుకునేవారు కొద్దిమందే. అంటే, ఎక్కువ మంది పౌరులకు ఈ శాస్త్రంతో ఉన్న సంబంధం పదునైదు పదహారేళ్ళ వయసులోనే తెగిపోతున్నది. ఆ వయసు వరకు వారు నేర్చినదే వారికి మిగులుతుంది.

మన పూర్వులకు ఈ విద్య పట్ల ఇటువంటి నిరాదరణ లేదు. కాళిదాసు మేఘసందేశాన్ని విరహకావ్యంగానే చాలామంది చదువుతారు. కాని అందులో యక్షుడు మేఘానికి చెప్పిన దారిని పటం మీద వేలితో దిద్దుతూ పోతే ఆశ్చర్యం కలుగుతుంది. రామగిరి నుంచి బయలుదేరిన ఆషాఢ మేఘం ఆమ్రకూటాన్ని దాటి, వింధ్య పాదాల వద్ద రాళ్ళ నడుమ చీలి పారే రేవానదిని చూసి, విదిశ, ఉజ్జయిని, కురుక్షేత్రాల మీదుగా హిమాలయానికి, అలకాపురికి సాగుతుంది. వానమబ్బు ఏ నెలలో ఏ సీమ మీదికి వస్తుందో, అది వచ్చినప్పుడు అక్కడి పొలాలు, పక్షులు, పల్లె ప్రజలు ఎలా స్పందిస్తారో ఆ కవికి తెలుసు. దేశాన్ని ఎరిగినవాడు కనుకనే ఆయన మేఘాన్ని దూతగా పంపగలిగాడు.

తెలుగులో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర ఇందుకు మరొక నిదర్శనం. చెన్నపట్నంలోని సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఆయన 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. పుణ్యక్షేత్ర దర్శనం ఆయన ఉద్దేశం. అయినా దారి పొడవునా ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, బాట రాళ్ళతో కూడినదా ఇసుకతో కూడినదా, బావుల్లో నీరు మంచిదా కాదా, దిగడానికి వసతి ఉందా, అంగళ్ళలో ఏమి దొరుకుతుంది అన్న విషయాలన్నీ ఏ రోజుకా రోజు రాసి పెట్టుకున్నారు. 1838లో అచ్చయిన ఆ గ్రంథం నేటికీ నాటి నేలను మనకు చూపుతున్నది. ఆయన చేతిలో నేటి భూగోళ పాఠ్యపుస్తకం లేదు. చూసే కన్ను, రాసుకునే అలవాటు ఉన్నాయి. ఆ రెండూ ఏ విద్యార్థికైనా అందుబాటులో ఉన్నవే.

తెలుగు భాషలోనే ఎంతో భూగోళశాస్త్రం దాగి ఉంది. మెరక, పల్లం, మెట్ట, మాగాణి, చెలక, చౌడు, లంక, కుంట, వాగు, ఏరు, మడుగు, దొరువు – ఈ మాటల్లో ఒక్కొక్కటి నేల స్వభావాన్నో, నీటి నడకనో సూక్ష్మంగా చెబుతుంది. నల్లనేలకు ప్రపంచ భూగోళ గ్రంథాలలో వాడుకలో ఉన్న ‘రేగర్’ అన్న పేరు మన ‘రేగడి’ నుంచి పుట్టినదే. ఊరి పేరు చివర లంక ఉంటే అది నది నడుమనో, నది ఒరవడిలోనో మేట వేసిన నేల అని ఊహించవచ్చు. గోదావరికి వరద వచ్చినప్పుడు కోనసీమలో ముందుగా నీరు చుట్టుముట్టేది లంక గ్రామాలనే. పేరు చివర కుంట, చెరువు ఉంటే అక్కడ ఒకనాడు నీరు నిలిచిందని అర్థం. హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ అన్న పేరు నిత్యం వేలమంది నోట పలుకుతుంది. పేరులో ట్యాంకు ఉంది. నేల మీద ఆ చెరువు లేదు. పేరును విని ఆగి ఆలోచించే అలవాటును పాఠశాల నేర్పగలిగితే, తెలుగు పాఠం, భూగోళ పాఠం వేరు వేరు కావని విద్యార్థికి తెలుస్తుంది.

నేలను చదవగలిగినవారు ఏమి సాధించారో మన చుట్టూ ఉన్న కట్టడాలే చెబుతున్నాయి. కాకతీయుల కాలంలో వెలసిన రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఎనిమిది శతాబ్దాలు గడిచినా పొలాలకు నీరిస్తున్నాయి. రెండు గుట్టల నడుమ ఎక్కడ అడ్డుకట్ట వేస్తే ఎంత నీరు నిలుస్తుందో ఆ నిర్మాతలు ఎరుగుదురు. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరే గొలుసుకట్టు ఏర్పాటు తెలంగాణ నేల వాలును ఆసరా చేసుకొని రూపొందినది. గోదావరి మీద 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వెనుకా ఇటువంటి జ్ఞానమే ఉంది. డెల్టాలో నది ఒడ్డు మెరకగా, నదికి దూరమయ్యే కొద్దీ నేల పల్లంగా ఉంటుంది. వరద తెచ్చిన ఒండ్రు ఒడ్డునే ఎక్కువగా పేరుకొనడం దీనికి కారణం. మెరక మీదుగా కాలువను నడిపితే నీరు తనంతట తానే ఇరుపక్కల పొలాలకు దిగుతుంది. ఆర్థర్ కాటన్ ఆ సీమనంతా తిరిగి, ఈ వాలును గుర్తించి, దానికి అనుగుణంగా పని సాగించాడు. కరవులతో అల్లాడిన ప్రాంతం అన్నపూర్ణగా మారింది.

నేలను చదవకపోతే ఏమి జరుగుతుందో కూడా చరిత్ర మనకు నేర్పింది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. ఎగువన చెరువులు అనేకం తెగి, ఆ నీరంతా ఒక్కసారిగా నగరం మీద పడింది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ విషాదం తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించగా, ఆయన నగరంలో కనిపించిన నీటిని మాత్రమే చూడలేదు. ఆ నీరు ఎక్కడ కురిసింది, ఏ దారిన వచ్చింది అని పరీవాహక ప్రాంతమంతా పరిశీలించాడు. నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించి వరదను నిలపాలని సూచించాడు. 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన ఫలితాలే. వాటి వల్ల వరద ముప్పు తగ్గడమే గాక నగరానికి తాగునీరూ సమకూరింది.

అంతటి పాఠం నేర్చిన నేల మీదనే కాలక్రమేణా చెరువు శిఖాలు, నాలాల అంచులు ఇళ్ళ స్థలాలుగా మారాయి. 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు నగరంలో కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో విజయవాడకు ఇదే గతి పట్టింది. మైలవరం కొండల్లో పుట్టి, విజయవాడ పక్కగా సాగి, కొల్లేరులో కలిసే చిన్న ఏరు బుడమేరు. దాని నీటిని కృష్ణలోకి మళ్ళించే కాలువకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహంతో పరుగెత్తుతున్నది. సింగ్‌నగర్ మొదలైన ప్రాంతాలలో ప్రజలు రోజుల తరబడి నీటి నడుమ చిక్కుకుపోయారు. కృష్ణ ఒడ్డు మెరక, బుడమేటి పరిసరాలు పల్లం. డెల్టా నేల వాలును గూర్చి పైన చెప్పుకున్న సూత్రమే ఇక్కడా పని చేసింది. కృష్ణానది పుట్టిన చోటు మహాబలేశ్వరమని పాఠశాలలో ప్రతివారూ చదివారు. బుడమేరు పొంగితే తమ వీధి ఎంత లోతున మునుగుతుందో చెప్పిన పాఠం మాత్రం వారికి దొరకలేదు. ఇంటి స్థలం కొనేటప్పుడు దస్తావేజులు, వాస్తు, రోడ్డు వెడల్పు అన్నీ విచారిస్తారు. నేల వాలును విచారించాలన్న ఆలోచన ఎవరికో గాని తట్టదు.

తరగతి గదిలో విన్న భూగోళ పాఠం ప్రాణాలు నిలిపిన సందర్భం ఒకటి లోకానికంతటికీ తెలిసినదే. 2004 డిసెంబరు 26న సుమత్రా తీరంలో సంభవించిన భూకంపం వల్ల హిందూ మహాసముద్రంలో సునామీ పుట్టింది. ఆ ఉదయం థాయిలాండులోని ఒక సముద్రతీరంలో తల్లిదండ్రులతో విహరిస్తున్న పదేళ్ళ ఆంగ్ల బాలిక, కెరటాలు వింతగా నురగలు కక్కడం గమనించింది. రెండు వారాల క్రితమే ఆమె ఉపాధ్యాయుడు భూగోళ పాఠంలో సునామీ లక్షణాలను వివరించాడు. ఆమె పెద్దలను హెచ్చరించింది. వారు విన్నారు. తీరం మీద ఉన్నవారందరూ సకాలంలో వెనుకకు తరలిపోయి ప్రాణాలు దక్కించుకున్నారు. అదే రోజున అనేక తీరాలలో, సముద్రం అకస్మాత్తుగా వెనుకకు తగ్గినప్పుడు, ఆ వింతను చూడడానికి ముందుకు నడిచినవారు తిరిగి రాలేదు. వారికీ ఆ బాలికకూ మధ్య ఉన్న తేడా ఒక్క పాఠం మాత్రమే.

మన తీరానికి ఈ సంగతి మరీ ముఖ్యమైనది. 1977 నవంబరు 19న దివిసీమను తుపాను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలాది కుటుంబాలు నశించాయి. గాలి కంటె గాలి తరుముకొచ్చిన సముద్రపు నీరే అక్కడ ఎక్కువ మందిని బలిగొన్నది. నేడు ఉపగ్రహాలున్నాయి. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార కేంద్రంలో 2007 నుంచి సునామీ హెచ్చరిక వ్యవస్థ పని చేస్తున్నది. హెచ్చరిక క్షణాలలో చేరుతుంది. అయితే ఉప్పెన అంటే ఏమిటో, తన ఊరు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉందో తెలిసినవాడే ఆ హెచ్చరికను నమ్మి ఇల్లు వదిలి కదులుతాడు. సాంకేతిక విజ్ఞానం వార్తను అందిస్తుంది; దాని అర్థాన్ని గ్రహించే శక్తిని చదువే ఇవ్వాలి.

ఇక్కడ కొందరు ఒక ఆక్షేపణ చేయవచ్చు. చేతిలోని ఫోను ప్రపంచ పటాన్నంతా చూపుతుండగా, భూగోళశాస్త్రం చదవవలసిన పని ఏమున్నదని వారి ప్రశ్న. ఫోను దారి చూపుతుంది, నిజమే. ఎక్కడ మలుపు తిరగాలో చెబుతుంది. ఆ రహదారి కొండను చుట్టి ఎందుకు పోయిందో, ఆ కాలనీ వానాకాలంలో ఎందుకు మునుగుతుందో చెప్పదు. పటం చదవడం తెలిసినవానికి ఫోను గొప్ప సాధనం. చదవడం రానివాని చేతిలో అది దారి అడిగితే చెప్పే బాటసారి వంటిది మాత్రమే.

భూగోళశాస్త్రం చదివితే ఉద్యోగం వస్తుందా అన్నది మరొక ప్రశ్న. ఇందులోనూ కొంత న్యాయం ఉంది. విద్యార్థి భవిష్యత్తును గురించి తల్లిదండ్రులు ఆందోళన చెందడం సహజం. అయితే ఏ వృత్తిని చేపట్టినా ఈ శాస్త్రం అక్కడ ఎదురవుతూనే ఉంటుంది. ఇంజనీరు కాదలచినవాడు శ్రీహరికోటను గూర్చి ఆలోచించాలి. అది భూమధ్యరేఖకు చేరువగా తూర్పు తీరాన ఉంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరిగే వేగం అక్కడ సెకనుకు దాదాపు 450 మీటర్లు. తూర్పుకు ఎగిరే రాకెట్టుకు ఆ వేగం అయాచితంగా లభిస్తుంది. ఎదురుగా ఉన్నది సముద్రం కనుక ప్రయోగం విఫలమైనా జనావాసాలకు హాని ఉండదు. వైద్యుడు కాదలచినవాడు నల్గొండ, ప్రకాశం ప్రాంతాలలో ఎముకలను వంకర్లు తిప్పిన ఫ్లోరోసిస్‌ను గూర్చి తెలుసుకోవాలి. ఆ వ్యాధికి మూలం అక్కడి రాతిపొరల నుంచి భూగర్భ జలంలోకి చేరే ఫ్లోరైడు. రోగి శరీరాన్ని మాత్రమే పరీక్షించి, అతడు తాగే నీటిని, ఆ నీరున్న నేలను పరిశీలించని వైద్యం సగం వైద్యమే. వాణిజ్యశాస్త్రం చదివేవాడు విశాఖపట్టణంలోనే సహజమైన ఓడరేవు ఎందుకు అమరిందో తెలుసుకోవాలంటే, సముద్రంలోకి చొచ్చుకువచ్చి కెరటాల తాకిడిని ఆపే డాల్ఫిన్ నోస్ కొండను చూడాలి.

లోపాన్ని ఎత్తి చూపేటప్పుడు నిష్పక్షపాతంగా ఉండడం అవసరం. పేర్లను, అంకెలను కంఠస్థం చేయడం పూర్తిగా వ్యర్థమని చెప్పరాదు. అక్షరాలు రాకుండా కావ్యం చదవలేము. ఖండాలు, సముద్రాలు, ముఖ్య నదులు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియకుండా భూగోళాన్ని గూర్చి ఆలోచించలేము. కాని అక్షరమాలతోనే చదువు ఆగిపోతే అది చదువు అనిపించుకోదు. ఉపాధ్యాయుల ఇబ్బందులూ తక్కువవి కావు. పాఠ్యప్రణాళిక పెద్దది, కాలం చిన్నది, తరగతి గదిలో విద్యార్థుల సంఖ్య ఎక్కువ, పరీక్షా ఫలితాల ఒత్తిడి మరీ ఎక్కువ. పాఠశాల జ్ఞానాన్ని వెలుపలి జీవితంతో అనుసంధానించాలని, బట్టీ పద్ధతికి స్వస్తి చెప్పాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం స్పష్టంగా నిర్దేశించింది. ఆ తరువాత వచ్చిన పాఠ్యపుస్తకాలలో కృత్యాలు, ప్రాజెక్టులు చేరాయి. అయితే చాలాచోట్ల ఆ ప్రాజెక్టులు కూడా అంగడిలో కొన్న బొమ్మలు అంటించిన అట్టలుగా మిగిలిపోయాయి.

మార్పునకు పెద్ద వ్యయం అవసరం లేదు. భూగోళ బోధన విద్యార్థి ఊరి నుంచి ప్రారంభం కావాలి. ప్రతి విద్యార్థీ తన వీధి పటాన్ని, తరువాత తన ఊరి పటాన్ని స్వయంగా గీయాలి. మెరకలు, పల్లాలు, బావులు, చెరువులు, కాలువలు అందులో గుర్తించాలి. పాఠశాల ఆవరణలో ఒక వర్షమాపకాన్ని పెట్టి వానాకాలమంతా రోజువారీ వర్షపాతాన్ని పిల్లల చేతనే నమోదు చేయించవచ్చు. నాలుగేళ్ళు గడిచేసరికి ఆ నోటు పుస్తకమే ఆ ఊరి పాఠ్యగ్రంథమవుతుంది. ఏ కార్తెలో ఏ పంట వేసేవారో, ఏ ఏట వాగు ఎంతవరకు పొంగిందో ఊరి పెద్దలను అడిగి రాసుకోవచ్చు. రేఖాంశాల పాఠం చెప్పేటప్పుడు, ఇచ్ఛాపురంలో సూర్యుడు కనిపించిన తరువాత అనంతపురంలో కనిపించడానికి సుమారు అరగంట ఎందుకు పడుతుందో అడగవచ్చు. ఒక్కొక్క రేఖాంశానికి నాలుగు నిమిషాల తేడా అన్న సూత్రం అప్పుడు తనంతట తానే అర్థమవుతుంది. పరీక్షలోనూ పేరు అడిగే ప్రశ్న పక్కన కారణం అడిగే ప్రశ్న ఒకటి ఉండాలి. పరీక్ష దేనిని అడుగుతుందో దానినే విద్యార్థి చదువుతాడన్నది అనుభవం చెప్పిన సత్యం.

ఉన్నత పాఠశాలను దాటి కళాశాలకు వచ్చినవారికి ఈ అవకాశం చేజారిపోయిందని అనుకోనక్కరలేదు. నేలను చదవడానికి గ్రూపుతో పని లేదు. మార్కులూ అవసరం లేదు. రాబోయే వానాకాలంలో మొదటి పెద్ద వాన వెలిసిన తరువాత ఇంటి గుమ్మంలో నిలబడి, ముంగిట పారే నీటిని గమనించాలి. అది ఎటు మళ్ళుతున్నది, ఏ కాలువలోకి దిగుతున్నది, ఎక్కడ ఆగిపోతున్నది, ఆగిన చోట ఏ గోడ అడ్డుపడింది అని దాని వెంట కొంత దూరం నడిచి చూడాలి. ఆ నడకలో విద్యార్థికి తన ఊరి వాలు తెలుస్తుంది. ఒకనాటి చెరువు జాడ తెలుస్తుంది. రేపు ఒక ఇల్లు కట్టేటప్పుడు గాని, ఒక కాలనీకి అనుమతి పత్రం మీద సంతకం చేసేటప్పుడు గాని, ఓటరుగా ఒక ప్రశ్న అడిగేటప్పుడు గాని ఆ ఎరుక అక్కరకు వస్తుంది. తన వాకిటి నీరు ఏ దారిన పోతుందో చెప్పగలిగిననాడు, నైలు నదిని గూర్చి చదివిన పాఠం కూడా విద్యార్థికి సార్థకమవుతుంది.